మెట్ల మీది మాటలు

అక్టోబరు రెండో తారీకు, ఆదివారం. ఆ మధ్యాహ్నం ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర, బస్సులు తిరగాల్సిన రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండిన కిచిడీ, పచ్చిపులుసు రుచి రామమోహనరావుకి ఇంకా నాలుక మీదే ఉంది. కిచిడీలో పెసరపప్పు ఒక గుప్పెడు ఎక్కువ పడింది. పచ్చిపులుసులో ఉల్లిపాయ ముక్కలు పంటి కింద కరకరలాడాయి. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో భాగంగా కాలనీ వాళ్లంతా కలిసి చేసిన వంటావార్పు అది.

తెనాలి నుంచి వచ్చినవాళ్లం, మనకెందుకు నాన్నగారూ అని కొడుకు గౌతమ్ గొణిగాడు. కింది పోర్షన్‌లో కిరాయికుండే మట్టయ్య ఆ గొణుగుడు వినిపించుకోలేదు. భుజం మీది తువ్వాల తీసి కాలుతున్న తారు మీద పరిచి, "మా సారు గీడ కూసుంటడు" అన్నాడు. అంతే, రామమోహనరావు కూర్చున్నాడు.

అంతా సవ్యంగానే సాగింది, కోటేశ్వరమ్మ తన గిన్నె తెచ్చేదాకా.

ఆవిడది నాలుగిళ్ల అవతల. అదే గల్లీ. ఇంటి దగ్గర పులిహోర కలిపి తెచ్చింది. వడ్డిస్తున్న మట్టయ్య భార్య అరుణమ్మ, ఇటియ్యి పెద్దమ్మా నేను పెడత అని చెయ్యి చాపింది.

కోటేశ్వరమ్మ గిన్నె వెనక్కి లాక్కుంది. "ఎందుకులే అరుణా. నా పులిహోర జిగురేగా. సమ్మె పోస్టర్లు అంటించడానికి పనికొస్తుందన్నావుగా, మైదాపిండి ఖర్చు లేకుండా."

అరుణమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది.

ఆ మాట ఆమె అన్నదే. రెండు రోజుల ముందు, ఇంటి మెట్ల మీద కూర్చుని, గౌతమ్ భార్య అమలతో నవ్వుతూ అన్నది. అప్పుడు అక్కడ మూడో మనిషి లేరు. అమల ఎవరికీ చెప్పలేదని తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది.

ఇంటికొచ్చాక అరుణమ్మ మెట్ల దగ్గర ఆగింది. తలెత్తి పోర్టికో మూలనున్న కెమెరా వంక చూసింది. తర్వాత, మెట్లెక్కుతున్న రామమోహనరావు వంక చూసింది.

ఆ రాత్రి కింది తలుపు ఇల్లంతా అదిరేలా పడింది.

*

మంగళవారం పొద్దున రామమోహనరావు కిందికి దిగేసరికి వరండాలో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మట్టయ్య వాటికి తాడు కడుతున్నాడు. ఆర్టీసీ డ్రైవరు, సమ్మె మొదలైనప్పటి నుంచి స్టీరింగు పట్టుకోని చేతులకి ఏదో ఒక పని కావాలి.

అరుణమ్మ తమ్ముడికి బడంగ్‌పేట్‌లో ఒక పోర్షన్ ఖాళీగా ఉందట. దసరా మంచిరోజని, ఎల్లుండి పాలు పొంగించేస్తారట. మట్టయ్య ఈ సంగతంతా తాడు ముడి వంక చూస్తూనే చెప్పాడు.

"నేను వినలేదు మట్టయ్యా."

"నాకెర్కనే సారు. నువ్వు ఆడోళ్ల మాటలు చాటుంగ ఇన్నవంటే మా డిపోల కుక్క గూడ నమ్మది." ముడి బిగించాడు. "గని అరుణకు మెట్ల మీద కూసుంటే ఈపు మీద ఎవలో కన్నేసినట్టే ఉంటదట. రాత్రి నిద్ర పడతలేదు. గట్ల పరేషాన్ అయితుంటే ఎట్ల ఉంటం, నువ్వే చెప్పు."

రామమోహనరావు తలెత్తి కెమెరా వంక చూశాడు.

పగలంతా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునేది ఆయనే, పేపర్లు చదవడానికి. ఆ కంప్యూటర్‌లో కెమెరా బొమ్మ కనిపించడమే కాదు, మాట కూడా వినిపిస్తుందని గల్లీలో అందరికీ తెలుసు. ఇక లెక్క ఎవరికైనా ఒకటే తేలుతుంది. ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, భార్య పోయిన మనిషి, పొద్దుపోక ఆడవాళ్ల ముచ్చట్లు వింటున్నాడు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అనకపోవడమే ఆయనకి గుచ్చుకుంటోంది.

భార్య సూర్యప్రభ పోయినప్పటి నుంచి మంగళవారం మంగళవారం పైన డైనింగ్ బల్ల మీద ఒక కంచం కనపడేది. కంచంలో రెండు జొన్నరొట్టెలు, ఇంత వెల్లుల్లి కారం, పైన మూత. ఎవరు పెట్టారని ఆయన అడగలేదు, నేనే పెట్టానని అరుణమ్మ చెప్పలేదు.

ఈ మంగళవారం బల్ల మీద కంచం లేదు.

*

కాఫీల దగ్గర గౌతమ్‌కీ అమలకీ మాటా మాటా పెరిగింది. మన ఇల్లు, మన కెమెరా, ఎవరికో జవాబు చెప్పుకోవాల్సిన అవసరం ఏముందని గౌతమ్. దొంగల కోసం పెట్టుకున్నామన్నాడు. ఎండాకాలంలో గల్లీలో రెండు స్కూటర్లు పోయిన మాట నిజమే.

"దొంగలు వచ్చి మాట్లాడతారాండీ? దానికి మైకు ఎందుకు?" అంది అమల. ఆమె లెక్కలు చెప్పే కోచింగ్ సెంటరు సమ్మెకి మూతపడింది. అప్పటి నుంచి ఆమె ప్రశ్నలన్నీ ఇంట్లోనే పడుతున్నాయి.

"అది కెమెరాతో పాటే వచ్చింది."

"వచ్చిందల్లా ఆన్ చేసుకోవాలని రాశారా దాని మీద?"

గౌతమ్ పేపరు మడిచాడు. రామమోహనరావు కాఫీ గ్లాసు కడగడానికి లేచాడు, కడగాల్సిన పని లేకపోయినా.

అసలు ఆ గల్లీ వాళ్లకి ఒంటరిగా ఏదీ కొనే అలవాటు లేదు. మిర్యాలగూడ బియ్యం వచ్చినా, ఆవకాయకి కాయలు వచ్చినా అందరూ కలిసే దించుకుంటారు. కెమెరాలూ అలాగే కొన్నారు. తొమ్మిది మంది కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపు మీదికి పెళ్లివారిలా దిగారు. షాపతను ప్రతి ఇంటికీ ఇంటర్నెట్‌లో ఒక చిరునామా ఇచ్చాడు. చివర ఇంటి నంబరు తప్ప మిగతా అంతా ఒకటే. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారని అడిగాడు.

అందరికీ ఒకటే పెట్టమన్నారు. మర్చిపోతే పక్కింటివాళ్లని అడగొచ్చని.

"ఎంత తెలివైన గల్లీ సార్ మీది" అని షాపతను మెచ్చుకున్నాడు కూడా. గల్లీ పేరే, 'మూడో గల్లీ' అని పెట్టాడు. ఆ రోజు అందరూ కలిసి చెరుకురసం తాగి ఇంటికొచ్చారు.

*

మధ్యాహ్నం భోజనమయ్యాక రామమోహనరావు కోటేశ్వరమ్మ గిన్నె చేతిలో పట్టుకుని బయల్దేరాడు. ఆదివారం గొడవలో ఆవిడ దాన్ని రోడ్డు మీదే వదిలేసి వెళ్లిపోయింది. గిన్నె ఇచ్చినట్టూ ఉంటుంది, నీకెవరు చెప్పారమ్మా అని అడిగినట్టూ ఉంటుంది.

వాకిట్లో యాదలక్ష్మి చాప పరిచి పూలు ముందేసుకుంది. మట్టయ్య కూతురు, డిగ్రీ రెండో ఏడాది. సాయంత్రం సద్దుల బతుకమ్మ. గునుగుపూలకి రంగులద్ది ఆరబెట్టింది. బంతి ఒక పక్క, తంగేడు ఒక పక్క. ఎక్కడికి సారు ఎండల అని అడిగింది. ఆ పిల్ల ఒక్కతే ఇంకా మామూలుగా పలకరిస్తోంది.

కోటేశ్వరమ్మ తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన తట్టబోయాడు. లోపలి నుంచి మాటలు వినిపించాయి.

"అమ్మా, తంగేడు తక్వ పడేటట్టున్నది."

"సరూర్‌నగర్ కట్ట కాడ అమ్ముతున్నరట, నాయినను పొమ్మందాం తియ్యి."

ఒక గొంతు యాదలక్ష్మిది. రెండోది అరుణమ్మది. ఆ వెంటనే ఒక గేటు కిర్రుమంది. నూనె వేద్దాం వేద్దాం అంటూ ఏళ్ల తరబడి వెయ్యని గేటు చప్పుడు. తన ఇంటి గేటు.

ఆయన తలుపు తోశాడు.

కోటేశ్వరమ్మ సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్లో పళ్లెం, పళ్లెంలో ఒలుస్తున్న బఠాణీలు. ఎదురుగా బల్ల మీద కొడుకు లాప్‌టాప్. అందులో ఆయన వాకిలి, ఆయన మెట్లు, పూల మధ్య యాదలక్ష్మి.

ఆవిడ గబుక్కున మూత వేసింది. యాదలక్ష్మి మాట సగంలో ఆగిపోయింది. ఒక బఠాణీ నేల మీద పడి దొర్లుకుంటూ వచ్చి ఆయన చెప్పు దగ్గర ఆగింది.

ఇద్దరూ దాని వంకే చూశారు.

"మొదటిసారి పొరపాటే అన్నయ్యగారూ" అందావిడ. "మా నంబరు కొట్టబోయి మీది కొట్టాను. కళ్లజోడు లేదు. పాస్‌వర్డ్ అడిగింది. అందరిదీ ఒకటే కదా."

"తర్వాత?"

"తర్వాత పొరపాటు కాదు."

ఆయన గిన్నె బల్ల మీద పెట్టాడు. కోపం వస్తుందనుకున్నాడు. వస్తే బాగుండుననుకున్నాడు కూడా. నాలుగిళ్లే కదమ్మా, వచ్చి మెట్ల మీదే కూర్చోవచ్చు కదా అని అడిగాడు.

"వచ్చాను." బఠాణీ కాయ ఒకటి తీసింది, ఒలవలేదు. "ఉగాదికి ముందు ఒకరోజు. నేను గేటు తియ్యగానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. జరిగి చోటు కూడా ఇచ్చారు. టీ ఇచ్చారు. కానీ ఆగిపోయాయి. అప్పటికి ఊళ్లో గొడవలు ముదిరి ఉన్నాయి కదా, మనం ఆంధ్రావాళ్లం, వాళ్లు తెలంగాణావాళ్లు అని. టీ తాగి వచ్చేశాను." లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది. "ఇందులో అయితే ఆగవు."

చేతిలో కాయ మళ్లీ పళ్లెంలో పడేసింది.

"ఏమీ చెడు వినలేదండీ. యాదలక్ష్మికి సైన్సు రికార్డులో ఎన్ని మార్కులొచ్చాయో నాకు తెలుసు. మట్టయ్యకి కాకరకాయ పడదని తెలుసు. ఆ పులిహోర మాట ఒక్కటే..." ఆగింది. "మొన్న పొయ్యిల దగ్గర అరుణ నవ్వుతూ చెయ్యి చాపేసరికి ఉక్రోషం ఆగలేదు. నోరు జారింది. ఆమెకి చెప్తారా?"

ఒక్క మాట చాలు. ఆ అట్టపెట్టెల తాళ్లు విప్పించడానికీ, తన మీద పడ్డ మచ్చ తుడుచుకోవడానికీ ఆ ఒక్క మాట చాలు. ఆయన గడప దగ్గర చెప్పులు సరిచేసుకున్నాడు.

"నా నోటితో చెప్పనమ్మా" అన్నాడు.

*

గల్లీలో నడిచి వస్తుంటే ప్రతి గేటు మీదా ఒక కెమెరా కనపడింది. ఇన్నాళ్లూ వాటిని చూసి ధైర్యంగా ఉండేది. ఇప్పుడు కండువా సర్దుకోవాలనిపించింది.

వాకిట్లో అరుణమ్మ కూతురి పక్కన కూర్చుని పూలు పేరుస్తోంది. తలెత్తలేదు. ఆయన ఆగాడు. చెప్పేద్దామా అనుకున్నాడు.

"బంతిపూలు నిండుగా ఉన్నాయమ్మా" అన్నాడు.

అరుణమ్మ ఇంకో వరస పేర్చింది. యాదలక్ష్మి తల్లి మొహం వంక, ఆయన మొహం వంక చూసి, ఒక బంతిపువ్వు తీసి మెట్ల చివర పెట్టింది. ఆయన దాన్ని తీసుకుని పైకి వెళ్లాడు.

*

సాయంత్రానికి వాకిలి నిండిపోయింది. గల్లీ ఆడవాళ్లంతా బతుకమ్మలు తెచ్చి మధ్యలో పెట్టారు. అమల కూడా పట్టుచీర కట్టుకుని ఆడింది, అడుగు తప్పినప్పుడల్లా తనే ముందు నవ్వింది. బతుకమ్మల్ని సరూర్‌నగర్ చెరువులో వదిలి తిరిగొచ్చి, సద్దులు పంచుకోవడానికి మెట్ల మీద, చాపల మీద సర్దుకు కూర్చున్నారు. కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, పెరుగు సద్ది. రామమోహనరావు పైన పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. దిగి వెళితే మాటలు ఆగుతాయేమోనని దిగలేదు.

అప్పుడు గేటు కిర్రుమంది.

కోటేశ్వరమ్మ. చేతిలో అదే గిన్నె.

మాటలు ఆగిపోయాయి.

ఆవిడ ఈసారి వెనక్కి తిరగలేదు. నెమ్మదిగా వచ్చి మూడో మెట్టు మీద కూర్చుంది. గిన్నె పక్కన పెట్టుకుంది. వేలెత్తి కెమెరా చూపించింది.

"అరుణా, అందులోంచి విన్నది నేను. అన్నయ్యగారు కాదు. ఆయనకి ఇవాళే తెలిసింది. తెలిసి కూడా నీకు చెప్పలేదు."

మిగతాదంతా ఆవిడే చెప్పింది. పొరపాటు నంబరు, పొరపాటు కాని నంబర్లు, ఉగాది ముందు టీ. ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చుంది.

అరుణమ్మ ఆమె వంక చూడలేదు. పిట్టగోడ వంక చూసింది. అక్కడ నిలబడ్డ మనిషిని చూసింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"ఔ పెద్దమ్మా" అంది. "ఆనాడు మాటలు ఆపినం. నీ మీద కోపంతోని కాదు. నీ ముంగట ఏం మాట్లాడాల్నో తెల్వక ఆపినం. మల్ల రమ్మని నేనన్నా ఒచ్చి పిలవాల్సింది. పిలువలె."

చెయ్యి చాపి గిన్నె మూత తీసింది. ఇంత పులిహోర నోట్లో వేసుకుంది. అందరూ ఆమె దవడ వంకే చూస్తున్నారు.

"జిగురే ఉన్నది" అంది.

యాదలక్ష్మి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అన్నం ఉడికినంక తాంబాళంల ఆరబొయ్యాలె పెద్దమ్మా. జర నూనె తగలాలె. ఉడుకుడుకుగనే చింతపులుసుల కలిపితే పోస్టర్లకే పనికొస్తది."

ముందు కోటేశ్వరమ్మే నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ తర్వాత నవ్వులు ఎవరు ఆపినా ఆగేలా లేవు.

గౌతమ్ అంతసేపూ గుమ్మంలో నిలబడి విన్నాడు. ఎవరూ చెప్పకుండానే స్టూలు తెచ్చి, ఎక్కి, కెమెరా వైరు పీకేశాడు. ఎర్ర దీపం ఆరిపోయింది. స్టూలు దిగీ దిగకముందే పైన ల్యాండ్‌లైను మోగింది. అమల పరుగెత్తుకెళ్లి తీసింది. గల్లీ మొదట్లో ఉండే హనుమాయమ్మ.

అమల పిట్టగోడ మీంచి వంగి చెప్పింది: "మనకి కరెంటు పోయిందా అని అడుగుతున్నారు. మోకాళ్ల నొప్పితో రాలేక ఇంట్లోంచే బతుకమ్మ చూస్తున్నారట. కోటేశ్వరమ్మ గారి సంగతి తేలే వేళకి బొమ్మ ఆగిపోయిందట. చివరికి ఏమైందో చెప్పమంటున్నారు."

ఈసారి నవ్వులకి పక్కింటి గోడ మీది పిల్లి దూకి పారిపోయింది.

మట్టయ్య ఒక్కడే నవ్వలేదు. వరండాలో పెట్టెల పక్కన కూర్చున్నవాడు లేచి గౌతమ్ దగ్గరికి వచ్చాడు.

"గౌతం బాబు, హనుమాయమ్మ మనది. పెద్దమ్మ మనది. మనోళ్లు చూసిన్రు, మంచిదే. మనోళ్లు గానోళ్లు ఎవలన్న చూసిన్రా?"

గౌతమ్ వైరు చేతికి చుట్టుకుంటున్నాడు. ఈ రాత్రికే అందరి పాస్‌వర్డులూ మార్పిస్తానన్నాడు. ఇంటింటికీ వేరేది, మైకులు కూడా తీయించేస్తానన్నాడు.

"అది రేపటి సంగతి. నేనడిగేది నిన్నటిదాంక." మట్టయ్య గొంతు తగ్గించాడు. "సమ్మె మొదలైనకాడికెల్లి మా డిపోవోళ్లు రోజూ గీ వాకిట్లనే కూసున్నరు. పేర్లు పెట్టి మాట్లాడుకున్నం. ఎవలు ఏం జెయ్యాల్నో, అన్నీ."

గౌతమ్ తలెత్తి పిట్టగోడ దగ్గరున్న తండ్రి వంక చూశాడు. అబద్ధం చెప్పి ఊరుకోబెట్టేంత చిన్నవాడు కాదు మట్టయ్య.

"తెలీదు మట్టయ్యా" అన్నాడు గౌతమ్. "ఎవరు చూశారో తెలుసుకునే వీలు ఉందో లేదో కూడా రేపు షాపులో అడగాలి."

"అడుగు బాబు. నేను గూడ ఒస్త."

*

గల్లీ సద్దుమణిగింది. కోటేశ్వరమ్మని గేటు దాకా దిగబెట్టబోయి, యాదలక్ష్మి ఆవిడతో పాటే ఇంటి దాకా నడిచి వెళ్లి వచ్చింది. పొద్దున తాంబాళం తీసుకొస్తానని ఆవిడ వీధిలోంచే కేకేసి చెప్పింది.

రామమోహనరావు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళుతూ డైనింగ్ బల్ల దగ్గర ఆగాడు. మూత పెట్టిన కంచం ఉంది. మూత తీశాడు. మూడు రకాల సద్దులు, పక్కన రెండు జొన్నరొట్టెలు, ఇంత వెల్లుల్లి కారం. రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. ఇంత సందడిలో ఎప్పుడు చేసిందో, ఎప్పుడు తెచ్చి పెట్టిందో.

కంచం చేత్తో పట్టుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చి కూర్చుని తిన్నాడు.

కింద వరండా దీపం వెలుతురులో అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి. తాళ్లు విప్పలేదు. తమ్ముడికి మాట ఇచ్చేశామని మట్టయ్య అనడం, అరుణమ్మ ఏదో తగ్గు గొంతుతో జవాబు చెప్పడం లీలగా తెలుస్తోంది. ఆ జవాబు వినపడకూడదని ఆయన కంచం తీసుకుని లోపలికి జరిగాడు.

కింది గదిలో దీపం ఆరింది.

ఆయన చెయ్యి కడుక్కుంటూ ఆగాడు. రెండు రాత్రులుగా ఈ వేళకి కింది తలుపు ఇల్లు అదిరే చప్పుడుతో పడేది.

ఏ చప్పుడూ రాలేదు. అనుమానం వచ్చి పిట్టగోడ మీంచి తొంగి చూశాడు. అరుణమ్మ రెండు చేతులతో తలుపు రెక్కలు పట్టుకుని, గొళ్లెం కూడా మోగకుండా, పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో వేసినట్టు మెల్లగా దగ్గరికి వేస్తోంది.